పదకొండో మలుపు

విశాఖ నుంచి వెళ్తే చిట్టివలస దాటాక,
సరుగుడు తోటలు అయిపోయిన చోట
ఎడంచేతి వైపు కనిపించే ఆ గోడ
నిరుటిదాకా లేదు.
ముళ్లకంచె ఉండేది. కంచెకో కంత ఉండేది.
కంత పక్కనే టికెట్ల కిటికీ.
ఆదివారం యాభై రూపాయలు.
ఏం బండి అని అడిగేవారు కాదు.

పేపర్లలో దాని పేరు పెద్దది.
బొంబాయి నుంచి, కోయంబత్తూరు నుంచి వచ్చి
హెల్మెట్లు పెట్టుకుని పడి లేచేవారు.
మేం మాత్రం రౌండు అనేవాళ్లం.
"ఈవారం రౌండుకెళ్దామా?"

పాల వ్యాను తిప్పినవాడున్నాడు.
పెళ్లిపూలు ఇంకా ఊడని కారులో
పెళ్లికూతురికే స్టీరింగు అప్పజెప్పినవాడున్నాడు.
గాజువాక డిపోలో ఇరవయ్యేళ్లు బస్సు తోలిన డిల్లేశు
బావమరిది స్కూటరు మీద ఒక్క రౌండు కొట్టి
"ఎవడూ చెయ్యెత్తి ఆపని రోడ్డురా ఇది" అని
గట్టు మీద కూర్చుని ఏడ్చినంత పని చేశాడు.
నా ఆటోకి ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు.
మీటరు వెయ్యలేదు.

తర్వాత వేలం.
కొన్నదెవరో బోర్డు మీద ఉంది గానీ
ఆ పేరుకి మొహం లేదు.
సభ్యత్వం నాలుగు లక్షలట.
మలుపు మలుపుకీ ఒక టైరు పేరు, ఒక నూనె పేరు,
పదకొండో మలుపుకి కూడా.

దాన్ని మేం సూరీడమ్మ మలుపు అనేవాళ్లం.
తారు పొయ్యకముందు అది ఆవిడ జీడితోట.
సర్కారు తీసుకున్నప్పుడు
పదిహేడు చెట్లు ఎలాగో కొలతలో తప్పిపోయాయి.
రోడ్డు వాటి చుట్టూ తిరిగింది.
దస్తావేజు నాలుగో పేజీ అడుగున
ఏ గుమాస్తా పుణ్యమో, ఒక వాక్యం:
చెట్లదాకా రాకపోకల హక్కు,
ఆమెకూ, ఆమెను తీసుకెళ్లే బండికీ.

కొత్త లాయర్లు దాన్ని మూడు నెలలు చదివారు.
చెరపలేక, వేళ పెట్టారు.
ఆదివారం, పొద్దున్న ఆరు నుంచి ఏడు.

ఆ బండి నాది.

గేటు ఒకటే. రోడ్డు ఒకవైపే.
ఎదురు రాకూడదన్నది వాళ్ల రూలే.
అంటే చెట్ల దగ్గరికి పది మలుపులు,
బయటపడాలంటే మిగతా అయిదూ.
అమ్మినవాడికి తోచలేదు,
కొన్నవాడికీ తోచలేదు,
చట్టప్రకారం నాకు వారానికో రౌండుందని.

షెడ్లలో గుడ్డలు కప్పుకుని పడుకున్న కార్లు.
కొత్త తారు మీద చక్రాల చప్పుడే రాదు,
నా ఆటోలో ఎప్పుడో వదులైన నట్టు
ఒక్కటే వినపడుతుంది.
దిగుడు దగ్గర, గోడ పైన,
సముద్రం ఒక క్షణం కనపడి పోతుంది.
తొమ్మిదో మలుపు రాగానే
సూరీడమ్మ రెండు కాళ్లూ సీటు మీదకి తీసుకుంటుంది.
ప్రతివారం అంతే.
ఒకసారి అడిగాను.
"నా నుయ్యుంది బాబూ ఇక్కడ, కింద."

డిల్లేశు గోడ అవతల నిలబడి వింటాడు.
నేను బయటికొచ్చాక
ఏ గేరు ఎక్కడ తప్పు వేశానో చెప్తాడు.
వాడి తప్పులూ నాకే అంటగడతాడనిపిస్తుంది.

ఇప్పుడు శ్రావణం. పిక్కలు ఎప్పుడో అయిపోయాయి.
చెట్ల కింద తడిసిన ఆకులు,
ఎవరో విసిరేసిన నీళ్ల సీసా.
ఆపబోతుంటే వెనకనుంచి భుజం మీద తట్టింది.
"దిగి సేసేదేటుంది? పోనీ.
ఇంకాస్త గట్టిగా పోనీ."

గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు
గోనెసంచి తడిమి చూశాడు. ఖాళీ.
ఏం రాయాలో తెలీక కాసేపు పెన్ను కొరికి,
లోపలికి ఆరూ ఎనిమిది,
బయటికి ఆరూ పధ్నాలుగు, అని రాశాడు.

ఆ నట్టు బిగిస్తే
ఇంకో రెండు సెకన్లు తగ్గుతాయి.